చూడని జలపాతానికి గైడు

అర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఎక్కడికైనా ప్రయాణం పెట్టుకుంటే, ఆఫీసులో మేనేజరు కంటే ముందు జితేందర్‌కి చెబుతారు. మేనేజరు సెలవు మాత్రమే ఇవ్వగలడు. జితేందర్ ఐటినరరీ ఇస్తాడు. ఆయన ఎక్సెల్ షీటులో ఎన్నింటికి లేవాలి, ఏ గేటు దగ్గర ఎడమకి తిరగాలి, ఏ పూట పులిహోర తినాలి, ఏ పూట పెరుగన్నం తినాలి, అన్నీ గడియారం పక్కన పెట్టుకుని రాసినట్టుంటాయి. బాత్‌రూములున్న చోట్లకి పసుపు రంగు వేసి మరీ చూపిస్తాడు. ఆ షీటు పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ దారి తప్పలేదు. కొందరు దారి తప్పితే బాగుండునని అనుకున్నారట, కాస్త ఊపిరి పీల్చుకోవడానికి.

ఇన్ని దేశాల దారులు చెప్పే ఈ మహానుభావుడు పద్నాలుగేళ్ళుగా అమెరికా పొలిమేర దాటలేదు. నిజామాబాద్ మనిషి, నలభై నాలుగేళ్ళు. ఒక పెద్ద రిటైల్ కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఏ గోడౌనులో ఎన్ని సబ్బులున్నాయో చూపించే సాఫ్ట్‌వేరు ఆయన చేతిలో ఉంది. ఆ సబ్బులు కూడా ఆయనకంటే ఎక్కువ దేశాలు తిరిగాయి.

కారణం చిన్నదే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. దేశంలో ఉన్నంతకాలం కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ కాగితాలు చాలు. బయటికి అడుగుపెట్టాడా, తిరిగి రావాలంటే కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి మళ్ళీ స్టాంపింగ్ చేయించుకోవాలి. 2016లో సత్యం అనే స్నేహితుడు అలాగే పది రోజుల కోసమని వెళ్ళి ఏడు నెలలు ఇరుక్కుపోయాడు. ఉద్యోగం పోయింది. ఇక్కడ మిగిలిన సోఫా, టీవీ, కారు జితేందరే అమ్మిపెట్టాడు. సత్యం సోఫాని పికప్ ట్రక్కులోకి ఎక్కిస్తున్నప్పుడు పుట్టింది ఆ భయం. కొందరికి కుక్కలంటే భయం, కొందరికి బల్లులంటే భయం. జితేందర్‌కి అద్దం వెనక కూర్చుని పాస్‌పోర్టు పేజీలు తిప్పే మనిషంటే భయం. గ్రీన్‌కార్డు వచ్చాక తిరుగుదామని భార్య గీతాంజలికి మాటిచ్చాడు. ఆ గ్రీన్‌కార్డు క్యూ కదిలే వేగం చూస్తే, వాళ్ళమ్మాయి తార మనవల్ని ఎత్తుకునే వేళకి వచ్చేటట్టుంది.

ఇక అబద్ధం సంగతి. అది 2017లో శ్యామ్‌సుందర్ ఇంట్లో తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో పుట్టింది. శ్యామ్‌సుందర్ కాకినాడవాడు, సిటిజన్‌షిప్ వచ్చినవాడు, వచ్చిన సంగతి ఎదుటివాళ్ళు మర్చిపోకుండా చూసుకునేవాడు. ఆ రోజు పెరూ వెళ్ళొచ్చిన ఫోటోలు రెండు గంటలసేపు టీవీలో చూపించాడు. బిర్యానీ చల్లారిపోయింది. పిల్లలు నిద్రపోయారు. ఒక లామా జంతువు ఫోటోనే నాలుగు వైపుల నుంచి చూపించాక, ఆయన ఉదారంగా అందరివైపూ తిరిగి, "ఏం గురూ, నువ్వేమైనా చూశావా ఇలాంటివి?" అని జితేందర్‌ని అడిగాడు.

"అంగ్‌కోర్ వాట్ చూసిన," అన్నాడు జితేందర్.

తనే విని తనే ఉలిక్కిపడ్డాడు. కానీ గదిలో నిశ్శబ్దం చూస్తే ముచ్చటేసింది. పెరూ చిన్నబోయింది. "ఎప్పుడు?" అన్నారు ఎవరో. "2008ల. సింగపూర్ ప్రాజెక్టుల ఉన్నప్పుడు, వీకెండ్ పోయిన." సింగపూర్‌లో ఆర్నెల్లు ఉన్న మాట నిజమే. అక్కడ ఆయన చూసినవి మూడు: ఆఫీసు, గెస్ట్‌హౌసు, ఆంధ్రా మెస్సు. అంతకుముందు వారం యూట్యూబ్‌లో కంబోడియాలోని ఖ్మేర్ గుళ్ళ మీద ఒక వీడియో చూసి ఉండడం, ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ ఆ దేశం వెళ్ళి ఉండకపోవడం, ఈ రెండే ఆ యాత్రకి పెట్టుబడి.

ఇంటికొచ్చాక గీతాంజలి తాళం తీస్తూ, "పాత పాస్‌పోర్టు నా బీరువాలనే ఉన్నది. అందుల సింగపూర్ ముద్ర ఒక్కటే ఉన్నది," అంది. ఇంకేమీ అనలేదు. ఎనిమిదేళ్ళుగా ఇంకేమీ అనలేదు.

అబద్ధమాడినవాడు ఊరుకోవచ్చు. జితేందర్ ఊరుకోలేదు. ఎవరైనా అడిగితే దొరికిపోతానేమోనని చదవడం మొదలుపెట్టాడు. ఊరి లైబ్రరీలో లేని పుస్తకాలు వేరే ఊళ్ళనుంచి తెప్పించాడు. గూగుల్ మ్యాపులో మౌస్‌తో గుడి ప్రాకారాలన్నీ ప్రదక్షిణం చేశాడు. సముద్రమథనం చెక్కిన గోడ తూర్పు వసారాలో ఉందని, అక్కడ వాసుకి తల ఎటు, తోక ఎటు అని, బయోన్ గుడిలో నవ్వుతున్న ముఖాల్లో ఏ ముఖం మీద ఏ వేళ ఎండ పడుతుందని, కులేన్ కొండమీదికి కార్లు మధ్యాహ్నం లోపే ఎక్కాలని, ఆ తర్వాత దిగేవాళ్ళకే దారని, అన్నీ కంఠతా పట్టాడు. దొంగసర్టిఫికెట్టు పెట్టి ఉద్యోగంలో చేరినవాడు భయంకొద్దీ నిజంగానే పని నేర్చేసుకున్నట్టయింది ఆయన సంగతి. ఆ రాళ్ళంటే ప్రేమ కూడా పుట్టింది. వెళ్ళొచ్చినవాళ్ళకి లేనంత ప్రేమ. ఆ మాట మాత్రం వెటకారంగా చెప్పడానికి లేదు.

ఆ ప్రేమంతా తార వంతుకి వచ్చింది. అప్పటికి దానికి ఆరేళ్ళు. కమ్యూనిటీ సెంటర్‌లో ఈత క్లాసులో చేర్పిస్తే, నీళ్ళు చల్లగా ఉంటాయని గోడ పట్టుకుని ఏడ్చేది. అప్పుడు జితేందర్ కులేన్ కొండమీది జలపాతం కథ చెప్పాడు. "ఆ కొండ మీద వాగులో రాళ్ళకి వెయ్యి శివలింగాలు చెక్కిన్రు బిడ్డా. ఆ నీళ్ళన్నీ లింగాల మీదికెళ్ళి వచ్చి జలపాతంల పడుతయి. నేను దాని కింద గంటసేపు నిలబడ్డ. నీళ్ళు మన గీజర్ నీళ్ళ లెక్క వెచ్చగుండె."

"రియల్లీ?"

"రియల్లీ. నీళ్ళకి భయపడేటోళ్ళకే చల్లగుంటయి."

తార మర్నాడు గోడ వదిలేసింది. మూడేళ్ళకి స్కూల్ టీములో ఈదింది. కథ మాత్రం ఆగలేదు. పడుకునే ముందు రోజుకో ముక్క అతుక్కుంటూ పోయింది. తా ప్రోమ్ గుడిలో చెట్టువేళ్ళ కింద కూర్చుంటే ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలమ్మే ఒకామె, డబ్బులు వద్దని ఒక ముక్క ఎక్కువ పెట్టిందన్నాడు. ఒక సన్యాసి గొడుగిచ్చాడన్నాడు. వానలో బయోన్ ముఖాలు ఏడుస్తూ నవ్వాయన్నాడు. పొద్దస్తమానం లాప్‌టాప్‌కి అతుక్కుపోయి "కెన్ యూ సీ మై స్క్రీన్" అనే తండ్రి, ఒకప్పుడు ఒంటరిగా అడవిలో జలపాతం కింద నిలబడ్డాడన్నది ఆ పిల్లకి గొప్ప. క్లాసులో అందరి నాన్నలకీ ఇల్లు, కారు, లాన్ ఉన్నాయి. తన నాన్నకి జలపాతం ఉంది.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా, ఈ ఏడాది జనవరిలో శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. "గురూ, స్ప్రింగ్ బ్రేక్‌కి కంబోడియా బుక్ చేసేశాను. రెండు రోజులు గుళ్ళు, మూడోరోజు నీ జలపాతం. షీటు పంపు. అన్నట్టు మా స్మృతి ఒక్కతే బోర్ అంటోంది. మీ తారని కూడా తీసుకెళ్తాం. దానికి యూఎస్ పాస్‌పోర్టే కదా, ఏ గొడవా లేదు."

జితేందర్ తప్పించుకునే దారులు వెతికాడు. "మార్చిల నీళ్ళు తక్కువుంటయి శ్యామ్ భాయ్. జలపాతం అంత బాగుండదు," అన్నాడు.

"తక్కువైతే ఏం, తడవాలి గానీ."

"ఎండలు. పిల్లలు తట్టుకోలేరు."

"కాకినాడలో పుట్టినవాడికి ఎండలు చెబుతున్నావా?"

కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి దూరమన్నాడు, కోతులన్నాడు, కడుపు చెడుతుందన్నాడు. ఈలోపు తార పక్కన నిలబడి అంతా వింది. దాని మొహం వెలిగిపోతోంది. "డాడీ, నువ్వు నిల్చున్న స్పాట్‌లోనే నేను నిల్చుంటాను. ఎగ్జాక్ట్ స్పాట్ నువ్వు ఫోన్‌లో చూపించాలి," అంది. శ్యామ్‌సుందర్‌ని ఏమార్చవచ్చు. అసలు ఊరంతటినీ ఏమార్చవచ్చు, ఊరు పట్టించుకోదు కూడా. ఈ పిల్ల నిజం తెలుసుకుని తనని మామూలు మనిషిగా చూడడం మొదలుపెడితే ఎలా అన్నది ఒక్కటే జితేందర్ భయం. గీతాంజలి తారని పంపడానికి సంతకం పెట్టాల్సిన కాగితాలు ముందుకు జరిపి, "పోనీ. ఇంట్ల ఒక్కరన్న పోవాలె," అంది.

శ్యామ్‌సుందర్ కారునీ డ్రైవర్నీ మాట్లాడుకున్నాడు గానీ గైడుని వద్దన్నాడు. జితేందర్ ఉండగా గైడెందుకన్నది ఆయన వాదం. మార్చిలో అమెరికా గడియారాలు గంట ముందుకి జరిపాక ఇక్కడికీ అక్కడికీ సరిగ్గా పన్నెండు గంటల తేడా. బెంటన్‌విల్‌లో సాయంత్రం ఆరైతే ఆ గుళ్ళున్న ఊరు సియెమ్ రీప్‌లో ఉదయం ఆరు. పని ముగించుకుని జితేందర్ ఆఫీసు పార్కింగ్ లాట్‌లోనే కారులో కూర్చుని, స్టీరింగు దగ్గర ఫోనూ, పక్క సీట్లో లాప్‌టాపూ పెట్టుకుని, ప్రపంచంలో ఏ గైడూ చూపించని విధంగా అంగ్‌కోర్ వాట్ చూపించడం మొదలుపెట్టాడు.

మొదటిరోజు అద్భుతంగా నడిచింది. "ఎడమ కొలను దగ్గర నిలబడున్రి. సూర్యుడు గుడి వెనకకెళ్ళి వస్తడు, ఎందుకంటే ఈ గుడి పడమటి మొఖం." సూర్యుడు జితేందర్ చెప్పిన చోటే వచ్చాడు. "ఇప్పుడు తూర్పు వసారాకి నడవున్రి. వాసుకి తోక దగ్గర ఆగున్రి. అటు అసురులు, ఇటు దేవతలు. మధ్యల కూర్మావతారం." వాసుకి కూడా చెప్పినట్టే పడుకుని ఉన్నాడు. శ్యామ్‌సుందర్ నోట మాట లేదు, అది ఆయన జీవితంలో అరుదైన ఘట్టం. తార వీడియోలో ముఖం పెట్టి, "డాడీకి అన్నీ గుర్తున్నాయి," అని పక్కన ఎవరికో చెబుతోంది. అద్దంమీద పడుతున్న అర్కాన్సా ఎండలో జితేందర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు కృష్ణకుమారి గారి గొంతు వినిపించింది. ఆవిడ శ్యామ్‌సుందర్ అత్తగారు. కాకినాడ కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి, ఇప్పుడు కూతురు మీనా ఇంట్లో ఉంటోంది. "జితేందర్ బాబూ, ఇక్కడ ముక్కు పగిలిపోతోంది. గబ్బిలాలు. నీ షీటులో రాయలేదేం?"

షీటులో లేదు. ఏ ఫోటోలోనూ లేదు, ఏ మ్యాపులోనూ లేదు. వాసనని ఇంకా ఎవరూ అప్‌లోడ్ చేయలేదు.

"నేను పోయినప్పుడు లేకుండె ఆంటీ," అన్నాడు జితేందర్.

"పన్నెండో శతాబ్దపు గుడి. గోపురం లోపల చీకటి. 2008 దాకా గబ్బిలాలు ఎక్కడ అద్దెకున్నాయి నాయనా?"

జితేందర్ సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. మనిషే తెగిపోయాడు. రెండోరోజు బయోన్‌లో, తా ప్రోమ్‌లో ఆయన ఆచితూచి మాట్లాడాడు. మామిడికాయలామె ఎక్కడ కూర్చునేదని తార అడిగితే, "చెట్టు దగ్గర," అన్నాడు. ఆ గుడినిండా చెట్లే. తార ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల తను కల్పించిన ఆడమనిషి కోసం ఎండలో వెతుకుతోంది.

మూడోరోజు కులేన్. తెల్లవారుజామునే బయలుదేరి ఎనిమిదింటికల్లా పైకెక్కేశారు. ఇక్కడ రాత్రి భోజనాల వేళ. వంటింట్లో గీతాంజలి చపాతీలు కాలుస్తోంది. జితేందర్ టేబుల్ దగ్గర ఫోన్ స్పీకర్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొండమీద వీడియో రావడం లేదు, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. వెనకాల నీళ్ళ హోరు. మార్చి నీళ్ళు కదా, పెద్ద హోరేమీ కాదు. అయినా జితేందర్ ఆ చప్పుడు వింటూ చెయ్యి టేబుల్‌మీద అలాగే ఉంచేశాడు.

"డాడీ, చెప్పు. ఎగ్జాక్ట్ స్పాట్."

"కుడి దిక్కు పెద్ద బండ ఉంటది బిడ్డా. దాని పక్కకెళ్ళి పో. జారుతది, మెల్లగ."

బండ ఉంది. ఎందుకుండదు, రెండువందల వీడియోల్లో చూశాడు. తార దిగినట్టుంది. నీళ్ళలో కాళ్ళ చప్పుడు. తర్వాత హోరు ఒక్కసారిగా దగ్గరైంది. 

"డాడీ," అంది తార నెమ్మదిగా. "వాటర్ చాలా కోల్డ్ ఉంది."

శ్యామ్‌సుందర్ ఫోన్ అందుకున్నాడు. "ఏం గురూ, గీజర్ నీళ్ళని నువ్వు చెప్పావట, ఎనిమిదేళ్ళుగా మా స్మృతి ఒకటే చెబుతోంది. ఇక్కడ పళ్ళు టకటకలాడుతున్నాయి. నువ్వసలు ఏ జలపాతం కింద నిలబడ్డావయ్యా?" నవ్వుతూనే అడిగాడు. కానీ ఆ నవ్వులో సందేహం తొలిసారి తొంగిచూసింది.

వానాకాలం, ఎండాకాలం, భూతాపం, ఏదో ఒకటి చెప్పాలని జితేందర్ వెతుక్కుంటున్నాడు. ఈలోపు తార గొంతే వినిపించింది, స్పష్టంగా, తొందరేమీ లేకుండా.

"నో అంకుల్. డాడీ నాకు కోల్డ్ అనే చెప్పాడు. నేను చిన్నప్పుడు స్విమ్మింగ్‌కి స్కేర్డ్ కదా, అందుకే స్మృతికి వార్మ్ అని చెప్పాను. నేనే రాంగ్ చెప్పాను."

"అలాగా. సరేలే," అన్నాడు శ్యామ్‌సుందర్. ఫోన్ తెగింది, ఈసారి నిజంగానే.

గీతాంజలి స్టవ్ ఆపేసింది. తిరిగి చూడలేదు. జితేందర్ మొదట బతికిపోయాననుకున్నాడు. ఆ సుఖం ఒక చపాతీ తినేంతసేపు కూడా నిలవలేదు. పిల్లకి తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఏడవలేదు, నిలదీయలేదు. తండ్రి చుట్టూ గోడ కట్టి నిలబడింది. అంత సిగ్గు ఆయనకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వేయలేదు.

వాళ్ళు తిరిగొచ్చాక తార మామూలుగానే ఉంది. స్కూలుకి వెళ్ళింది, ఈతకి వెళ్ళింది. జలపాతం మాట ఎత్తలేదు. జితేందర్ కూడా ఎత్తలేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎంత మర్యాదగా చూసుకున్నారంటే, ఇంట్లో అద్దెకున్న ఇద్దరు పెద్దమనుషుల్లా ఉన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో లంచ్ పెట్టాడు శ్యామ్‌సుందర్. ముప్పైమంది వచ్చారు. స్లైడ్లున్నాయని ముందే చెబితే పదిమందే వచ్చేవాళ్ళు. ఫోటోల్లో ముందు శ్యామ్‌సుందర్, వెనకాల ఎక్కడో చిన్నగా గుడి. నలభై ఫోటోలయ్యాక, "ఈ ట్రిప్పుకి అసలు హీరో మన జితేందర్. నడిచే గూగుల్. తారా, నువ్వు రా అమ్మా, మీ డాడీ గురించి రెండు ముక్కలు చెప్పు," అన్నాడు.

తార లేచి ముందుకెళ్ళి మైక్ అందుకుంది. ఒక్క క్షణం తండ్రివైపు చూసి మొదలుపెట్టింది. "తా ప్రోమ్‌లో డాడీ చెప్పిన మ్యాంగో ఆంటీ ఇంకా ఉంది. చాలా ఓల్డ్ అయింది. నా ఫోన్‌లో డాడీ ఫోటో చూపిస్తే గుర్తుపట్టింది. ఒక పీస్ ఎక్స్‌ట్రా ఇచ్చింది. మనీ తీసుకోలేదు." అందరూ అబ్బా అన్నారు. వెనక కూర్చున్న రేణు అనే అమ్మాయి కళ్ళు కూడా తుడుచుకుంది. స్మృతి మాత్రం తలెత్తి స్నేహితురాలి వంక చూసి, మళ్ళీ ఫోన్లోకి దిగిపోయింది. తార తడబడలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చిన్నగా నవ్వాలో దానికి తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళు సాధన చేసిన తండ్రికి కూడా అంత నేర్పు లేదు.

చప్పట్లు అయ్యాక కృష్ణకుమారి గారు కుర్చీలోంచే అడిగింది. "జితేందర్ బాబూ, పిల్ల చెప్పింది బానే ఉంది. నువ్వు చెప్పు. ఆ జలపాతంలో నీళ్ళు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా?"

"కోల్డ్. డాడీకి తెలుసు," అంది తార వెంటనే.

చల్లగా అంటే సరిపోయేది. ఒక్క మాట. అక్కడితో ఆయన పేరు పదిలం, కాళ్ళకింద నేల పదిలం, వచ్చే ఏడు స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంకో నలుగురికి గైడు పని ఖాయం. జితేందర్ లేచి నిలబడ్డాడు. పేపర్ ప్లేటు కింద పెట్టాడు.

"నాకు తెల్వదు ఆంటీ," అన్నాడు. "నేను ఎన్నడు పోలేదు. సింగపూర్‌ల ఆర్నెల్లు మెస్సుల అన్నం తిని వచ్చిన. అంతే. మామిడికాయలామె కూడా లేదు, నేనే పుట్టిచ్చిన. నా బిడ్డ నా ఇజ్జత్ కాపాడనీకి చెప్తున్నది. దాని తప్పేం లేదు. తప్పు నాది."

గదిలో ఎవరో చెంచా కింద పడేశారు. తార మైక్ బల్లమీద పెట్టి, ఎవరివంకా చూడకుండా తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది.

శ్యామ్‌సుందర్ స్లైడ్లు ఆపాడు. "అదేంటి గురూ. నీ షీటు ప్లేనోలో మా చుట్టాలకి పంపేశానే. అది కరెక్టే కదా?"

"కరెక్టే."

"టైమింగులూ అవీ?"

"అన్నీ కరెక్టే శ్యామ్ భాయ్."

"అయితే ఓకే," అన్నాడు శ్యామ్‌సుందర్, గుండెమీంచి బరువు దిగినట్టు. "వియత్నాంది ఎప్పుడిస్తావు మరి?"

ఎనిమిదేళ్ళు ఈ నిజం బయటపడితే ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాడు జితేందర్. ఆకాశం కాదు గదా, గదిలో ఏసీ కూడా ఆగలేదు. అప్పటికే ఇద్దరు గులాబ్‌జామున్ల దగ్గర లైను కట్టారు. కృష్ణకుమారి గారు మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "గబ్బిలాల దగ్గరే నాకు తెలిసింది నాయనా. నీ సంగతైతే నేను ఊరుకునేదాన్ని. పిల్ల నేర్చేసుకుంటోంది, అందుకని అడిగాను."

గీతాంజలి తార కోటు అందించి, "నువ్వే పో. నేను రాను," అంది.

తార పార్కింగ్ లాట్‌లో కారుకి ఆనుకుని చేతులు కట్టుకుని ఉంది. మార్చి నెలాఖరు గాలి ఇంకా చలిగానే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడుపు ఆపేసింది. జితేందర్ కోటు దాని భుజాలమీద వేయబోతే తప్పుకుంది.

"ఎందుకు చెప్పావ్? నేను నిన్ను ప్రొటెక్ట్ చేశాను. ఇప్పుడు అందరూ నన్ను లయర్ అంటారు."

"నిన్నెవరు అనరు. నన్నే అంటరు."

"స్మృతి అంటుంది. ఐ లైడ్ ఫర్ యూ డాడీ. అక్కడ కూడా, ఇక్కడ కూడా. నువ్వు జస్ట్ కోల్డ్ అంటే అయిపోయేది."

"అయిపోయేది," అన్నాడు జితేందర్. "కానీ నువ్వు చాలా మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఆ మామిడికాయలామె గురించి నాకే నిజమనిపించింది. నాకంటే మంచిగ చెప్తున్నవ్. అందుకే భయమైంది."

తార కోటు తీసుకుంది, వేసుకోలేదు. ఒక కారు వచ్చి పక్కన ఆగింది, అందులోంచి ఎవరో ఆలస్యంగా వచ్చినవాళ్ళు దిగి, స్లైడ్లు అయిపోయాయా అని ఆశగా అడిగి లోపలికి వెళ్ళారు.

"ఎందుకు వెళ్ళలేదు, రియల్‌గా?" అని అడిగింది తార కొంతసేపటికి. "వీసా అనకు. వీసా నాకు తెలుసు. ముందు ఎందుకు వెళ్ళలేదు? సింగపూర్‌లో ఉన్నప్పుడు నీకు వీసా ఉంది."

జితేందర్‌కి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. తను కూడా వేసుకోలేదు. "అప్పుడు కూడా భయపడ్డ," అన్నాడు. "వీకెండ్‌ల పోతే సోమవారం పొద్దున లేట్ అయితదేమో, మేనేజర్ ఏమంటడో అని. టికెట్ కూడా చూసిన. కొనలే." చెప్పాక ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇన్నేళ్ళుగా కాన్సులేట్ మీదికి తోసిన నేరమంతా ఇంటికి తిరిగొచ్చి కూర్చుంది.

తార తండ్రిని చూసింది. జలపాతం కింద నిలబడ్డ మనిషి కాదు. పొట్ట వచ్చి, జుట్టు పలచబడి, చొక్కామీద రైతా మరక పడ్డ మనిషి. కాసేపటికి కోటు వేసుకుని, కారు బానెట్ మీద ఎక్కి కూర్చుని, పక్కన కొంచెం చోటు వదిలింది. జితేందర్ కూర్చున్నాడు.

ఎనిమిదేళ్ళలో కంబోడియా వెళ్ళొచ్చినవాళ్ళు ఆయనకి కనీసం పదిమంది తగిలారు. ఒక్కరిని కూడా ఆయన ఏమీ అడగలేకపోయాడు. చూసొచ్చినవాడు ఎలా అడుగుతాడు? వాళ్ళు చెప్పబోతుంటే, తనకి తెలుసని తలాడించి, తనే చెప్పేవాడు. అంత ప్రేమించిన చోటు గురించి తెలిసినవాళ్ళనుంచి ఒక్క మాట వినే దారి లేకుండా తన నోటికి తనే తాళం వేసుకున్నాడు.

"తారా," అన్నాడు. "ఎట్లుండె అక్కడ?"

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తార ఆలోచించుకుంది.

"ఫస్ట్, స్మెల్ వస్తుంది డాడీ," అంది. "వాటర్ కంటే ముందే. వెట్ స్టోన్ స్మెల్."

"ఆఁ," అన్నాడు జితేందర్. "చెప్పు."